రీవైండు బాబాయి మూగ టీవీ

మన వీధిలో రీవైండు బాబాయి గురించి ఒక మాట షికారు చేస్తోంది. భార్యతో మాటలు మానేశాడట. మధ్యాహ్నమైతే చాలు, షట్టరు సగం దించుకుని, కింద మిషను కుట్టే దర్జీ అక్క మొహాన్ని టీవీలో పెట్టుకుని గంటలకు గంటలు చూస్తూ కూర్చుంటాడట. అదీ శబ్దం లేకుండానట. పైగా ఆవిడ పెదాలు ఎలా కదిలితే తన పెదాలూ అలాగే కదుపుతాడట. ఈ మాటకు కాళ్లొచ్చింది ఎదురు మేడ మీది పిన్ని బాల్కనీలో. బట్టలు ఆరేస్తూ చూసిందట. ఆరేసిన బట్టలు ఆరేలోపే మాట వీధి చివరి మందుల షాపు దాటేసింది.

పిన్ని చూసింది అబద్ధం కాదు. ఆవిడ కళ్లకు ఏ లోటూ లేదు. షట్టరు సగం దించడం నిజం, టీవీలో దర్జీ అక్క మొహం నిజం, పెదాలు కదపడమూ నిజమే. రెండు వారాలపాటు ఆ మొగుడూ పెళ్లాల గొంతులు బయటికి వినపడలేదన్నదీ నిజమే. ఇన్ని నిజాలను కలిపి కుట్టి ఇంత పెద్ద అబద్ధాన్ని తయారుచేయడం మాత్రం మన వీధికే చెల్లింది. అందుకని కుట్లన్నీ విప్పి, ఏ ముక్క ఎక్కడిదో చూపిస్తే తప్ప లాభం లేదు.

ముందు మనిషి సంగతి. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. మనందరికీ ఆయన రీవైండే. వెనకటికి, ఇప్పుడున్న గదిలోనే, వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. క్యాసెట్ చూశాక రీవైండు చేయకుండా, అంటే మొదటికి తిప్పకుండా తెచ్చిచ్చారో, ఇక అయిపోయారే. "అన్నం తిన్న కంచం కడగకుండా పక్కవాళ్ల ముందు పెడతారా మీ ఇంట్లో?" అని నలుగురి ముందూ నిలబెట్టి అడిగేవాడు. పెద్దా చిన్నా తేడా లేదు. హెడ్మాస్టరు గారంతటి వారే ఒకసారి క్యాసెట్ చంకలో పెట్టుకుని, తిప్పడం మర్చిపోయిన సంగతి గుర్తొచ్చి, మెట్ల మీదినుంచే వెనక్కి వెళ్లిపోయారు.

క్యాసెట్ల కాలం పోయింది. ఆయన మాత్రం గది ఖాళీ చేయలేదు. ఇంటి వీడియోలను ఏ దేశంలోనైనా ఆడేలా డిస్కులు చేసి ఇస్తానని బోర్డు రాయించాడు. గదిలో నాలుగు ప్లేయర్లు, ఒక కంప్యూటరు, రెండు టీవీలు. అందులో ఒకటి వేరే దేశపు టీవీ, ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవనంత బరువు. దాని పక్కన ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ జోరీగలా మూలుగుతూ ఉంటుంది. ఆ టీవీకి మన కరెంటు పడదు, మన డిస్కులూ పడవు. అందుకే అదంటే ఆయనకు ప్రాణం. దాని మీద ఆడితే అక్కడా ఆడుతుందన్నమాటే. పని లేనప్పుడు పాత దుప్పటి కప్పి ఉంచుతాడు, జ్వరం వచ్చిన మనిషికి కప్పినట్టు.

ఆయన పద్ధతి ఒకటుంది. చేసిన డిస్కును మొదటినుంచి చివరిదాకా తాను చూడనిదే గడప దాటనివ్వడు. మిషను అరగంటలో చేసే పనికి ఈయన నాలుగు రోజులు పెడతాడు. జనం విసుక్కుంటే, "మీవాళ్లు అక్కడ అందరినీ పిలుచుకుని టీవీ ముందు కూర్చున్నాక ఆడకపోతే, నేను లేచి వెళ్లి బాగుచేయగలనా?" అంటాడు. అలా చూసీ చూసీ, ఈ వీధిలో ఏ పాప మొదటి అడుగు ఎటువైపు వేసిందో, ఎవరింట్లో కేకు కోసేటప్పుడు ఎవరి మొహం మాడిపోయిందో ఆయనకు తెలియనిది లేదు. కానీ ఏం లాభం? ఎంత గుచ్చి గుచ్చి అడిగినా, "ఫోకస్ బాగా కుదిరింది" అంటాడు. అంతకుమించి ఆ నోట్లోంచి గింజ రాలదు.

ఇక దర్జీ అక్క సంగతి. ఆయన గది కిందే ఆవిడ కుట్టు షాపు. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, ఆ సూదుల మధ్యనుంచే మాటలు. ఆవిడ మాట, మిషను ఏది ఎక్కువ వేగమో ఇప్పటికీ తేలలేదు. ఆవిడకు ఒక అక్క ఉంది. పెళ్లయ్యాక భర్తతో వేరే దేశం వెళ్లి, అక్కడ ఒక ఫ్యాక్టరీలో మిషన్ల మధ్య ముప్పై ఏళ్లు పనిచేసింది. తొమ్మిదేళ్ల కిందట వీళ్ల అమ్మ పోయినప్పుడు, అక్క సమయానికి రాలేకపోయింది. కడుపుమంటలో దర్జీ అక్క ఫోనులో, "ఇక నువ్వు రావద్దులే" అంది. అక్క రాలేదు. అప్పుడే కాదు, ఆ తర్వాతా రాలేదు. ఇదంతా వీధిలో అందరికీ తెలిసిందే.

ఎవరికీ తెలియనిది ఈమధ్య వచ్చిన ఉత్తరం. "చెవులు పూర్తిగా పోయాయే. ఫోను చేయకు, నాకు దండగ. మనుషుల పెదాలు చూసి మాటలు పట్టుకుంటున్నాను. కళ్లు పనిచేస్తుండగా ఒకసారి నీ మొహం చూడనీ" అని అక్క రాసింది.

దర్జీ అక్కకు కొలతలు రాయడం వచ్చినంతగా ఉత్తరాలు రాయడం రాదు. ఇంకొకరిచేత రాయించే మాటలు కావవి. రీవైండు దగ్గర క్యాసెట్ వేసిన కెమెరా అడిగి తెచ్చుకుని, షాపు తలుపులు వేసుకుని, ఒక్కతే దాని ముందు కూర్చుని పదకొండు నిమిషాలు మాట్లాడింది. డిస్కు చేయడానికి మాత్రం ఆయనకివ్వలేదు. ఎంతైనా తెలిసినవాడు, వింటాడని జంకు. పెద్ద రోడ్డు మీద ఎవరో తెలియని కుర్రాళ్ల షాపులో, "డిస్కు అంటే డిస్కేగా అమ్మా, ఎక్కడైనా ఆడుతుంది" అంటే నమ్మి చేయించింది. అక్కడ అక్క ప్లేయరు దాన్ని నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని ఉమ్మేసింది.

అప్పుడిక మెట్లెక్కక తప్పలేదు.

"తమ్ముడూ, ఒక షరతు," అంది టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంటూ. "నా మాటలు నువ్వు వినకూడదు."

"నేను చూడకుండా డిస్కు ఇవ్వను కదక్కా."

"చూడు. మొహం రోజూ చూస్తున్నదేగా. వినొద్దంటున్నా."

"శబ్దం తీసేసి చూస్తాను."

"ఒట్టు?"

"ఆ టీవీ మీద ఒట్టు," అన్నాడు, దుప్పటి కప్పిన టీవీ వైపు చెయ్యి చాపి. ఆవిడకు అది చాలు.

మాట ప్రకారం శబ్దం తీసేసి చూశాడు. రంగులు బాగున్నాయి, బొమ్మ నిలకడగా ఉంది. పంపించారు. నెల తిరగకుండానే జవాబు. "కనిపించావే. జుట్టు నెరిసింది, రంగు వేయకు, బాగుంది. కానీ నీ పెదాలు గంతులేస్తున్నాయి. ఒక్క మాట కూడా పట్టుకోలేకపోయాను. ఏం చెప్పావే? కోపంగానే ఉన్నావా?"

దర్జీ అక్క చేతికిచ్చిన రెండు ఉత్తరాలూ చదివి, ఆ చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మొహం చూడలేకపోయాడు రీవైండు. ఇన్నేళ్లలో ఆయన చేసిన డిస్కు మీద ఫిర్యాదు రావడం ఇదే మొదలు. వచ్చినది ఇలాంటిదానికి రావాలా!

"తప్పు నాదే అక్కా," అన్నాడు. "మన టీవీ సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు చూపిస్తుంది. అక్కడిది ముప్పై అడుగుతుంది. లేని ఐదు బొమ్మలు నేను మధ్యమధ్యలో పెట్టి కుట్టాలి."

"అతుకు కనపడిందన్నమాట."

"మామూలు వీడియోల్లో కనపడదు. చెట్టు కదిలినా, పిల్లాడు పరిగెత్తినా తెలియదు. పెదాల దగ్గర తెలిసిపోయింది. పోనీ, అక్కడి పద్ధతి కెమెరా ఒకటి సంపాదిస్తాను, ఇంకొక్కసారి కూర్చుంటారా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "తొమ్మిదేళ్లు గొంతులో పెట్టుకుంటే ఒకసారి వచ్చాయి తమ్ముడూ. మళ్లీ కూర్చోబెడితే నాటకమైపోతుంది. ఉన్నదాన్నే ఏదో చెయ్యి. కాదంటే వదిలెయ్."

వదిలేయడం రీవైండు వంశంలో లేదు. బొమ్మలను ఇటు జరిపాడు, అటు కలిపాడు. ఒక రకంగా చేస్తే పెదాలు గంతులేస్తాయి, ఇంకో రకంగా చేస్తే రెండు పెదాలు నాలుగైనట్టు మసకబారతాయి. వీటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. పెదాలు చదవడం తనకు రానప్పుడు, చదవడానికి పనికొచ్చాయో లేదో తేల్చేదెలా? రుచి తెలియనివాడు ఉప్పు సరిపోయిందో లేదో ఎలా చెబుతాడు?

ఇక్కడే ఆయన ఇల్లాలు కథలోకి వస్తుంది. గది వెనకే వాళ్ల కాపురం. మూతపడకముందు నేత మిల్లులో పన్నెండేళ్లు పనిచేసిన మనిషి. ఆ మగ్గాల హోరులో పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని మిల్లు ఆడవాళ్లంతా గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకునేవారు. ఆ గొడవలో మిగిలిన గొంతంతా ఇంటికి తెచ్చుకుంది కాబోలు, మామూలుగా ఆవిడ "కాఫీ" అంటే వీధి చివర వినపడుతుంది.

"నాకు మిల్లు మాట నేర్పు," అన్నాడు ఆయన, ఒక పొద్దున.

"ఈ వయసులోనా? నేను గొంతెత్తి చెప్పిందే పాతికేళ్లుగా మీకు ఎక్కలేదు."

"పని మీద అడుగుతున్నా."

"అయితే ఇవాళ్టినుంచి ఇంట్లో గొంతు బంద్. ఏం కావాలన్నా పెదాలు చూసి తెలుసుకోవాలి. తెలుసుకోకపోతే పస్తే."

అదీ వాళ్లు మాటలు మానేయడం! రెండు వారాలు ఆ ఇంట్లో గొంతు లేదు కానీ, మాటలు అంతకుముందు పాతికేళ్లలో లేనన్ని. ఆవిడ పెదాలతో ఏదో అడుగుతుంది, ఈయన అటక మీదినుంచి గొడుగు దించి తెస్తాడు, ఆవిడ నెత్తి కొట్టుకుని గరిటె తానే తెచ్చుకుంటుంది. ఒకరోజు ఆవిడ చాలాసేపు ఏదో చెప్పింది. ఆయన మొహంలోకి మొహం పెట్టి చూసి, చివరికి, "మా అమ్మను తిడుతున్నావు కదూ?" అన్నాడు పెదాలతోనే. ఆవిడ నోరు తెరిచి, చప్పుడు లేకుండా పడీ పడీ నవ్వింది. పాఠం వంటబట్టినట్టే లెక్క. ఇదంతా ఎదురు బాల్కనీలోంచి చూస్తే ఎలా కనపడి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మధ్యాహ్నాలు, వీధి కునుకు తీసే వేళ, షట్టరు సగం దించి ఆ టీవీ ముందు కూర్చునేవాడు. దర్జీ అక్క పెదాలతో పాటు తన పెదాలూ కదిపితే, నోట్లో మాట ఆకారం తెలిసేది. అది ఇల్లాలు చెప్పిన చిట్కా. మొదటి నాలుగు రోజులూ ఏమీ చిక్కలేదు. అయిదో రోజు రెండు పెదాలు ఒకసారి మూసుకుని, కాసేపు అలాగే ఉండి, విడివడ్డాయి. తన పెదాలూ మూసి తెరిచాడు.

అమ్మ.

ఠక్కున టీవీ కట్టేశాడు. విననని ఒట్టేసి, ఇప్పుడు తాను చేస్తున్నదేమిటి? అప్పటిదాకా ఈ ఆలోచన తట్టనే లేదు. ఆయనకు అదొక పని, అంతే. మాట తెలిశాక గానీ అవి మాటలని గుర్తు రాలేదు.

వెనక గదిలోకి వెళ్లి ఇల్లాలికి చెప్పాడు. అలవాటు కొద్దీ, పెదాలతోనే.

"విననన్నారు. చూడనని అనలేదుగా," అంది ఆవిడా అలాగే.

"అది వకీలు మాట."

"అయితే చదవడం మానేసి గుడ్డిగా పంపండి. మళ్లీ తిరిగొస్తుంది. మూడోసారి ఆవిడ మిమ్మల్ని అడగదు. అక్కేమో, చెల్లికి ఇంకా కోపమే అనుకుంటూ ఉండిపోతుంది."

ఉన్నదంతా చెప్పేద్దామని మెట్లు దిగాడు. దర్జీ అక్క నోట్లో గుండుసూదులతో, ఎవరిదో అంచు మడుస్తూ కనుబొమలెగరేసి, ఏమిటన్నట్టు చూసింది. చెబితే ఆవిడ క్యాసెట్ తీసేసుకుంటుంది. అది ఖాయం. "ఏం లేదక్కా, బటన్ ఊడింది," అన్నాడు. ఆవిడ అక్కడికక్కడే చొక్కా గుంజి బటన్ కుట్టేసింది. నిక్షేపంలా ఉన్న బటన్ మీద ఇంకో బటన్! ఆ చొక్కాకు ఇప్పటికీ ఒకే చోట రెండున్నాయి.

పైకొచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఈసారి ఇల్లాలు గడప దగ్గర నిలబడింది. తెర వైపు మాత్రం చూడలేదు, అది ఆమె మర్యాద.

"అసలు ఎక్కడ ఆగుతోంది మీ పని?" అంది, చాలా రోజుల తర్వాత గొంతు విప్పి.

"బొమ్మలను కాస్త సాగదీస్తే పెదాలు శుభ్రంగా ఉంటాయి. కానీ అలా చేస్తే గొంతు వెనకబడిపోతుంది. గొంతు పెదాలకు అతకాలి కదా. దాన్ని కాపాడుదామని బొమ్మలను ఇరికిస్తుంటే ఇవి చెడుతున్నాయి."

ఇల్లాలు ఆయన వైపు తిరిగింది. "ఆ గొంతు ఎవరికండీ?"

"అదేమిటి, వాళ్ల అక్కకి..." అని ఆగిపోయాడు.

చెవులు వినపడని మనిషికి గొంతు చక్కగా అతికించడం కోసం ఇంత అనుభవమున్న మనిషి మూడు వారాలుగా కుస్తీ పడుతున్నాడు! శబ్దం తీసేసి కూర్చుని మరీ, ఆ లేని శబ్దం చెడకూడదని తాపత్రయం. చేతి అలవాటు అలాంటిది. మొహం కడుక్కుని వచ్చి, తనను తానే రెండు తిట్టుకుని, మళ్లీ మొదలుపెట్టాడు.

గొంతు పూర్తిగా తీసేశాడు. ఒక్కో బొమ్మనూ రెండేసిసార్లు నిలిపాడు. ఏ బొమ్మా ముక్కలు కాలేదు, ఏ రెండూ కలిసి మసకబారలేదు. పదకొండు నిమిషాల మాట పద్దెనిమిది నిమిషాలైంది. మిషనులా పరిగెత్తే దర్జీ అక్క మాట, చెయ్యి పట్టుకుని నడిపించినట్టు, ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చింది. పెదాలు మూసుకోవడం, విచ్చుకోవడం, నాలుక పళ్లకు తగలడం, అన్నీ విడివిడిగా.

మూడు మధ్యాహ్నాలు కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఎక్కడ మాట తప్పిపోయిందో అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చదివాడు. రెండుచోట్ల తప్పిపోయింది మాట కాదు, ఆయన కళ్లే మసకబారాయి. అప్పుడూ వెనక్కి తిప్పాడు. ఒకచోట ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది, కొంగుతో కళ్లు ఒత్తుకోవడానికి కాబోలు. అక్కడ పెదాలు కనపడవు. దాన్ని అలాగే ఉంచేశాడు. ఆ పద్దెనిమిది నిమిషాల్లో ఏముందో మాత్రం ఇక్కడ రాసేది లేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న ఇల్లాలికి కూడా.

డిస్కు వెళ్లింది. ఇక్కడ మాట పాకింది. పాకి పాకి కొలతలిచ్చే వంకతో పిన్ని రూపంలో దర్జీ అక్క షాపులోకే వచ్చింది.

"నీకు చెప్పకూడదు గానీ, ఆ పైనున్నతను నీ మొహం టీవీలో పెట్టుకుని గంటలు గంటలు చూస్తున్నాడమ్మాయ్."

"ఈ వయసులో నా మొహం చూసేవాడొకడు దొరికితే, నీకెందుకు చెబుతాను పిన్నీ? చేతులెత్తు, చంక కొలవాలి."

"నవ్వులాట కాదే. నువ్వు మాట్లాడుతుంటే వాడూ పెదాలు కదుపుతున్నాడు."

దర్జీ అక్క చేతిలో టేపు ఒక్క క్షణం ఆగింది. ఆవిడ కూడా తక్కువ మనిషి కాదు. పిన్నికి నడుము కొలత ఒక అంగుళం ఎక్కువ చెప్పి పంపించింది, అంతే.

ఏడు వారాలకు జవాబొచ్చింది. ఈసారి ఉత్తరం కాదు, డిస్కు. అక్కడిది కదా, ఆ బరువు టీవీ మీద నేరుగా ఆడుతుంది. దర్జీ అక్క మెట్లెక్కి వచ్చింది. ఇల్లాలు స్టూలు వేసి వెనక గదిలోకి తప్పుకుంది. రీవైండు దుప్పటి తీసి, డిస్కు పెట్టి, బయటికి వెళ్లబోయాడు.

"ఉండు," అంది దర్జీ అక్క.

తెర మీద ఒక పెద్దావిడ. దర్జీ అక్క ముక్కే, అదే గడ్డం. తన గొంతు తనకు వినపడని మనిషి కదా, ఎత్తూ పల్లం లేకుండా గట్టిగా మాట్లాడింది.

"చెల్లీ, ఒక్క మాట కూడా జారిపోలేదు. మూడుసార్లు చూశాను. నువ్వు రావద్దన్న మాట తొమ్మిదేళ్లు మోశానే. ఇవాళ దించేశాను. చలి తగ్గగానే వస్తున్నా, నా పక్క సర్దించు. అది సరే గానీ, ఇంత నెమ్మదిగా మాట్లాడటం ఎప్పుడు నేర్చుకున్నావే? చిన్నప్పుడు ఇలా మాట్లాడి ఉంటే మన తగాదాలు సగం తప్పేవి!"

తర్వాత ఇంకా చాలా ఉంది. అయిపోయాక దర్జీ అక్క కళ్లు తుడుచుకుంది, ముక్కు చీదింది, మెడలో టేపు సరిచేసుకుంది. ఆపైన ఆయన వైపు తిరిగింది.

"నేనెక్కడ నెమ్మదిగా మాట్లాడాను తమ్ముడూ?"

"నేనే నెమ్మది చేశానక్కా."

"ఊఁ. శబ్దం పెట్టలేదుగా?"

"ఒక్కసారి కూడా పెట్టలేదు. ఒట్టు ఒట్టే."

"మరి పోయినసారి నువ్వు బాగుందన్నదే అక్కకు అర్థం కాలేదు. ఈసారి ఒక్క మాటా జారదని ఏ నమ్మకంతో పంపావు?"

రీవైండు వేలు చొక్కా మీది జంట బటన్ల దగ్గరికి పోయింది.

"ఇటు చూడు. నేనేమన్నానో నీకు తెలుసా?"

ఆయన దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపి, ఆవిడ మొహంలోకి సూటిగా చూశాడు.

"తెలియకపోతే పంపేవాణ్ణా అక్కా?"